రాని సాయంత్రానికి పచ్చ టిక్కు

స్కూలువాళ్లు ఇచ్చిన కాగితాన్ని సరళకుమారి తన బైబిల్లో పెట్టి అప్పటికి ఐదు రోజులైంది. మడత విప్పి రెండోసారి చదవలేదు. చదవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. ‘మా అమ్మాయి కెరెన్ ఈ ఏడు పదో తరగతి బోర్డు పరీక్ష రాయదు. వచ్చే ఏడు మళ్లీ ఇదే తరగతి చదువుతుంది. ఇది మా ఇష్టప్రకారం తీసుకున్న నిర్ణయం.’ మూడే వాక్యాలు. కింద తల్లి లేదా తండ్రి సంతకానికి గీత.

కొత్త సంవత్సరం రాగానే జరిగిన ప్రీ-బోర్డు నమూనా పరీక్షలో కెరెన్‌కు మ్యాథ్స్‌లో పాస్ మార్కుకు ఎనిమిది తక్కువ వచ్చాయి. ఏటా ఫలితం నూటికి నూరు అని గేటు మీద రాయించుకునే స్కూలు అది. సోమవారం లోపల సంతకం పెట్టిన కాగితమైనా రావాలి, లేదా తల్లిదండ్రులే వచ్చి పిల్ల పాసవుతుందని ప్రిన్సిపాల్‌ను ఒప్పించాలి అంది క్లాస్ టీచర్. సంతకం పెట్టేది లేదని సరళ ఆ గేటు దగ్గరే భర్తతో తేల్చి చెప్పింది. ఆమె ధైర్యమంతా ఫ్రిజ్ పక్కన తాను అంటించిన టైంటేబుల్. దాన్ని తీసుకువెళ్లి ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాలని అనుకుంది. నవంబరు నుంచి పిల్ల రోజుకు ఐదు గంటలు రివిజన్ చేస్తోందనడానికి అంతకంటే రుజువేం కావాలి?

ఆదివారం పొద్దున ఢిల్లీ ద్వారకలోని ఆ ఫ్లాటులో గొడవ మొదలైంది మాత్రం ఒక పచ్చ పెన్ను గురించి.

"ఏమండీ, నా పచ్చ పెన్ను తీశారా?"

సాలొమోను బాల్కనీ గుమ్మంలో కూర్చుని చర్చికి బూట్లు తుడుచుకుంటున్నాడు. బయట పొగమంచు ఇంకా విడలేదు. "నీ పచ్చ పెన్ను నాకెందుకు?"

"కీర్తనల కింద గీతలు గీసుకోవడానికి. పోయిన నెల ఎర్రది తీశారు."

"ఎర్రది తీశాను. తీశానని చెప్పాను కూడా. పచ్చది తియ్యలేదు."

"ఎప్పుడు చెప్పారు? నేను పట్టుకున్నాక చెప్పారు."

"పట్టుకున్నాక చెప్పినా చెప్పినట్టే. వార్డులో సిస్టర్లను దబాయించినట్టు నన్ను దబాయించకు సరళా. నేను నీ కింద కొత్తగా చేరిన ప్రొబేషనర్ని కాదు."

"ప్రొబేషనరైతే ఈపాటికి వెతికి తెచ్చి ఇచ్చేది."

సరళ ఇరవై రెండేళ్లుగా నర్సు, నాలుగేళ్లుగా వార్డు ఇన్‌ఛార్జి. ఫిబ్రవరి డ్యూటీ లిస్టు భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చుంది. ఆమె లిస్టులో పొద్దుటి డ్యూటీ నీలం, సాయంత్రం డ్యూటీ పచ్చ, రాత్రి డ్యూటీ ఎరుపు. పచ్చ పెన్ను లేకపోతే ఆమెకు సాయంత్రాలు లేనట్టే. సొరుగులో చూసింది, హ్యాండ్‌బ్యాగు బోర్లించింది, చివరికి బల్ల చివర ఉన్న కెరెన్ పౌచ్ జిప్పు లాగింది. పెన్ను అందులో ఉంది.

"దొరికిందా? ఇప్పుడు సారీ చెప్పు," అన్నాడు సాలొమోను, బూటు మీంచి తలెత్తకుండానే.

"ఎలాగూ చర్చికి వెళ్తున్నాంగా. అక్కడ దేవుడికి చెప్పుకుంటాలెండి."

పెన్ను పిల్ల దగ్గర ఉండటంలో వింతేమీ లేదు. టైంటేబుల్‌కూ ఆ మూడు రంగుల పద్ధతే పెట్టింది సరళ. పొద్దుటి చదువు అయితే నీలం టిక్కు, సాయంత్రంది అయితే పచ్చ, భోజనాల తరవాతది అయితే ఎరుపు. మనసు చిరాగ్గా ఉన్నప్పుడు ఆమె ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి ఆ టిక్కుల వైపు ఒకసారి చూసుకునేది. ఇప్పుడూ అందుకే వెళ్లింది.

గురువారం, శుక్రవారం, శనివారం. మూడేసి టిక్కులు. ఆదివారం, మూడు టిక్కులు.

గోడ గడియారం చూసింది. ఎనిమిదిన్నర. ఈ సాయంత్రం ఐదింటికి మొదలుకావాల్సిన సైన్సుకు పచ్చ టిక్కు పడి ఉంది. భోజనాల తరవాత చేయాల్సిన మ్యాథ్స్‌కు ఎర్ర టిక్కు కూడా.

రెండు గంటలకు చూడాల్సిన జ్వరాన్ని పదకొండింటికే చార్టులో ఎక్కించేసే కొత్త సిస్టర్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లను పట్టుకోవడంలో సరళకు పేరుంది. అంకెలు చూడదు ఆమె, చేతిరాత చూస్తుంది. వేరు వేరు వేళల్లో రాసిన రాత ఒకేలా ఉండదు. ఒకసారి నిలబడి రాస్తారు, ఒకసారి కూర్చుని, ఒకసారి ఎవరో పిలుస్తుంటే తొందరలో. ఇక్కడ నాలుగు రోజుల పచ్చ టిక్కులూ ఒకే వాలుగా, ఒకే ఒత్తిడితో, ఒకదాని కింద ఒకటి దిగి ఉన్నాయి. కిందటి వారం చూసింది. అక్కడా అంతే. దాని ముందు వారం కూడా.

కెరెన్ తలకు తువ్వాలు చుట్టుకుని బాత్రూంలోంచి వచ్చింది. పదిహేనేళ్ల పిల్ల, తల్లి కంటే రెండంగుళాలు ఎత్తు.

"ఇవాళ సాయంత్రం సైన్స్ చదివేశావా?" అంది సరళ మామూలు గొంతుతో.

"హాఁ," అంది కెరెన్. రెండడుగులు వేసి ఆగింది. "ఇవాళా?"

"ఎన్ని రోజుల నుంచి?"

"క్యా మమ్మీ, ఒక్క టిక్కు ముందు పెట్టానంతే."

"ఎన్ని రోజుల నుంచి అని అడిగాను."

కెరెన్ తువ్వాలు విప్పి కుర్చీ మీద వేసింది. "దివాళీ అయినప్పటి నుంచి."

"అంటే మొదటి నుంచీ. రోజూ ఐదింటికి లేచి లైటు వేసుకుని కూర్చునేదానివి కదా. ఏం చేసేదానివి?"

"కూర్చునేదాన్ని."

"పుస్తకం తెరిచి?"

"తెరిచి. హిందీ పుస్తకం. నువ్వు రాసింది అదే కదా, ఐదు నుంచి ఏడు హిందీ. నాకు హిందీలో రెండు గంటలు చదవడానికి ఏముంది మమ్మీ? నేను ఇక్కడే పెరిగాను. నాకు కలలు కూడా హిందీలోనే వస్తాయి. వచ్చిందాన్ని చదవడానికి చలిలో లేపుతావు. రానిదేమో రాత్రి భోజనం అయ్యాక, నలభై నిమిషాలు. అప్పటికి పుస్తకంలో ఏం ఉన్నా నాకు చీమలు పాకినట్టు కనిపిస్తుంది."

"నథానియేలు ఇదే టైంటేబుల్‌తో ఎనభై ఆరు శాతం తెచ్చుకున్నాడు."

"అన్నయ్య టైంటేబుల్ కాబట్టి తెచ్చుకున్నాడు."

కెరెన్ ఫ్రిజ్ దగ్గరికి వచ్చి కాగితం పైభాగంలో గోటితో గీకింది. తెల్లటి పొర ఊడి, కింద అన్న పేరులోని మొదటి రెండక్షరాలు బయటపడ్డాయి. మూడేళ్ల కిందటి టైంటేబుల్ మీద వైట్నర్ పూసి, పేరూ తేదీలూ మార్చి, జిరాక్స్ తీయించడానికి కూడా తీరిక లేక అదే అంటించింది సరళ. రేపల్లె నుంచి ఢిల్లీకి వచ్చినప్పుడు నథానియేలుకు తొమ్మిదేళ్లు. హిందీ అక్షరం ముక్క రాదు. మ్యాథ్స్ వాడికి ఆట. అందుకే వాడికి పొద్దుటి రెండు గంటలూ హిందీకి ఇచ్చి, మ్యాథ్స్‌ను చివరికి నెట్టింది. అప్పుడు ఎంత ఆలోచించి వేసిందో ఆ టైంటేబుల్! పది రోజులు పట్టింది. వాడిప్పుడు లక్ష్మీ నగర్‌లో పేయింగ్ గెస్ట్‌గా ఉండి సీఏ కోచింగ్ తీసుకుంటున్నాడు. చెల్లెలి వంతు వచ్చేసరికి సరళ ఇన్‌ఛార్జి అయింది, వార్డులో ఇద్దరు సిస్టర్లు గల్ఫ్‌కు వెళ్లిపోయారు, పేరు మార్చడానికే తీరిక దొరికింది.

"పదమూడో బెడ్ మందు పద్నాలుగో బెడ్‌కు ఇస్తే ఉద్యోగం పోతుందని నువ్వే చెప్తావు," అంది కెరెన్.

"మందు తప్పైతే చెప్పాలి. మింగినట్టు నటించి కిటికీలోంచి ఉమ్మెయ్యకూడదు."

"చెప్పాను. డిసెంబర్‌లో చెప్పాను. పొద్దున మ్యాథ్స్ పెట్టుకుంటానంటే, ముందు ఇందులో ఉన్నవాటికి టిక్కులు పెట్టి చూపించు, తరవాత మార్పుల సంగతి చూద్దాం అన్నావు. పెట్టి చూపించాను."

"దొంగ టిక్కులు." సరళ గొంతు అప్పుడు పెరిగింది. "ఎక్కడ నేర్చుకున్నావే ఈ పని? మా ఇంట్లో గానీ మీ డాడీ వాళ్లింట్లో గానీ ఎవరికైనా ఉందా ఈ బుద్ధి?"

"కెరెన్, తల తుడుచుకో పో, జలుబు చేస్తుంది," అన్నాడు సాలొమోను గుమ్మంలోంచి. ఎవరూ ఆయన వైపు చూడలేదు.

"నీ దగ్గరే నేర్చుకున్నాను మమ్మీ."

"ఏమన్నావు?"

"నేను ఫోర్త్‌లో ఉన్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, ఇంట్లో ఎవరూ లేరని నన్ను వార్డుకు తీసుకెళ్లావు. నీ కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చోబెట్టావు. చార్టులన్నీ ముందు పెట్టుకుని రాశావు. తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. మళ్లీ పాయింట్ నాలుగు. నువ్వు కుర్చీలోంచి లేవలేదు. థర్మామీటర్ ట్రేలోనే ఉంది. నాకు అప్పుడు లెక్కపెట్టే అలవాటు ఉండేది. పదకొండు చార్టులు."

సరళకు ఆ రోజు గుర్తుంది. మర్చిపోయి ఉంటే బాగుండేది. ఇద్దరు సిస్టర్లు రాలేదు. చివరి గదిలో ఒకాయనకు ఊపిరి అందడం లేదు, ఆయన దగ్గరే గంటన్నర నిలబడింది. రౌండ్స్‌కు డాక్టరు వచ్చే వేళకు చార్టులు ఖాళీగా ఉండకూడదు. ఇదంతా చెప్పవచ్చు. వార్డులో తాను నిలదీసిన ప్రతి సిస్టరూ ఇలాంటిదే ఏదో ఒకటి చెప్పింది. ఒక్కదాన్నీ ఆమె వినలేదు.

"ఆ రోజు ఎవరికీ ఏమీ కాలేదు," అంది చివరికి.

"నాకూ ఇంకా ఏమీ కాలేదు కదా."

ఫ్రిజ్ మోటారు ఆగింది. సాలొమోను బ్రష్షు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"నువ్వు చర్చికి రానక్కర్లేదు," అంది సరళ.

"రానని నేనే చెబుదామనుకుంటున్నాను."

చర్చిలో వాక్యం చదివే వేళకు సరళ బైబిలు తెరిచింది. సామెతల గ్రంథం దగ్గర పెట్టిన స్కూలు కాగితం కనిపించలేదు. పేజీలు తిప్పింది. డ్యూటీ హ్యాండ్‌బ్యాగులో ఉండి ఉంటుందిలే అనుకుని వదిలేసింది. ఆమె మనసు వేరేచోట ఉంది. ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టాలనుకున్న రుజువు ఇప్పుడు వైట్నర్ ఊడిన ఒక పాత కాగితం. రేపటి నుంచి బోర్డు పరీక్షలు మొదలయ్యే మార్చి ఒకటో తేదీకి ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ముప్పై ఎనిమిది. పాస్టర్ అయ్యగారు క్షమాపణ గురించి చెబుతున్నారు. పక్కన సాలొమోను ఆ రోజు ఒక్క పాటా పాడలేదు. పొద్దుటి మాటలకు నొచ్చుకున్నాడు కాబోలు అనుకుంది సరళ.

ఇంటికి వచ్చేసరికి పాత టైంటేబుల్ నాలుగు మడతలుగా బల్ల మీద ఉంది. ఫ్రిజ్ పక్కన అదే చోట ఇంకో కాగితం. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీసింది. నేల మీద ప్రీ-బోర్డు జవాబు పత్రాలు అన్నీ పరచి, మధ్యలో కెరెన్ బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తల్లి వచ్చిందని తెలిసినా తలెత్తలేదు.

సరళ చీర కొంగు దోపుకుని నిలబడే చదివింది. తప్పు వెతకడానికే చదివింది. పొద్దున ఐదింటికి మ్యాథ్స్. అది కూడా మొత్తం పుస్తకం కాదు, జవాబు పత్రంలో సున్నా వచ్చిన నాలుగు పాఠాలే ముందు. ప్రతి మూడో రోజూ గడియారం పెట్టుకుని ఒక పాత ప్రశ్నపత్రం. స్కూలు నుంచి రాగానే, ఒళ్లు అలిసి ఉన్న వేళకి, సోషల్. అది కథలాగా చదువుకుపోవచ్చు. రాత్రి సైన్స్ బొమ్మలు, చూడకుండా గీయడం. ఇంగ్లీషు వారానికి రెండు వ్యాసాలు. హిందీ ఆదివారం ఇరవై నిమిషాలు. బుధవారం సాయంత్రం పక్కన ‘తప్పులు మళ్లీ’ అని ఉంది. ఆ వారంలో తప్పు చేసినవన్నీ ఆ సాయంత్రం మళ్లీ చేయడానికట.

"ఈ చివర ఖాళీ గడి ఏంటి? టిక్కుకా?"

"కాదు. ఎన్ని తప్పులు వచ్చాయో రాయడానికి."

"అందులోనూ దొంగ అంకె రాస్తే?"

"రాస్తే బుధవారం ఏం చెయ్యాలో నాకే తెలీదు."

సరళ తాను ఇన్నేళ్లుగా వేసిన పట్టికలన్నిటిలోనూ చదివిన వేళకే గడి పెట్టింది. వచ్చిందా రాలేదా అన్నదానికి ఎక్కడా పెట్టలేదు. ఇది తన టైంటేబుల్ కంటే బాగుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది, పొద్దుటి పదకొండు చార్టులు అడ్డం వచ్చాయి.

"హిందీ ఇరవై నిమిషాలు చాలదు. వ్యాకరణం ఉంది."

"చాలు."

"సరే," అంది సరళ. ఆ ఇంట్లో చదువుల విషయంలో ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. కెరెన్ తలెత్తి చూసి, వెంటనే దించుకుంది. సరళ వంటింట్లోకి వెళ్లి ఉల్లిపాయలు తరుగుతూ అక్కడి నుంచే అంది. "రేపు నేను లేట్ డ్యూటీ అడుగుతాను. ఈ కాగితం, ఆ జవాబు పత్రాలు తీసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్దాం. ఆవిడకి ఇది అర్థమవుతుంది."

"నువ్వు మాట్లాడితే గొడవవుతుంది."

"అయితే నువ్వు మాట్లాడు. నేను పక్కన నిలబడతాను."

కెరెన్ లేచి వచ్చి, అడక్కుండానే, ప్లేట్లు పెట్టింది.

కోడికూర, అన్నం, టమాటా పప్పు. ఆదివారం భోజనానికి ముందు ప్రార్థన సాలొమోను చేస్తాడు. ఆకలితో ఉంటాడు కాబట్టి ఎప్పుడూ రెండు వాక్యాలకు మించదు, పిల్లలు చిన్నప్పుడు దాన్ని డాడీ మెట్రో ప్రార్థన అనేవాళ్లు. ఆ రోజు చాలాసేపు చేశాడు. తెలియక చేసిన తప్పులు మన్నించమన్నాడు. తెలిసి చేసినవి కూడా మన్నించమన్నాడు. ఆమెన్ అన్నాక అన్నం కలపకుండా కూర్చున్నాడు.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టాను," అన్నాడు.

"ఏ కాగితం?" అంది సరళ. అడుగుతుండగానే సామెతల గ్రంథం కళ్లముందు తెరుచుకుంది.

"శుక్రవారం ఆఫీసుకు లేటుగా వెళ్లాను కదా. దార్లో స్కూల్లో ఇచ్చేసి వెళ్లాను. ఈ ఏడు కెరెన్ పరీక్ష రాయదు. వచ్చే ఏడు నింపాదిగా రాస్తుంది. నువ్వు ఇంక ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లనక్కర్లేదు."

"నన్ను అడగకుండా."

"అడిగితే నువ్వు పెట్టనివ్వవు." ఆయన చేత్తో అన్నాన్ని చదును చేశాడు. "క్రిస్మస్ అయ్యాక ఒక మధ్యాహ్నం చూశాను. పిల్ల ఇక్కడే, ఈ ఫ్రిజ్ ముందు నిలబడి, వారం టిక్కులు ఒక్కసారే పెట్టుకుంటోంది. ఏడుస్తోంది. అప్పుడే అనుకున్నాను, దీనివల్ల కాదని."

సరళ భర్త వైపు చూసింది. తనను మోసం చేసింది ఒక్కరనుకుంది. ఇద్దరు.

"నువ్వు చూశావా డాడీ?" అంది కెరెన్.

"చూశాను తల్లీ."

"చూసి ఏమన్నావు నాతో?"

సాలొమోను నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏమీ అనలేదు. వెనక్కి వెళ్లిపోయి ఉంటావు. నాకు ఏ పాఠాలు వచ్చో, ఏవి రావో అడగలేదు. ఇవాళ పొద్దున మేమిద్దరం అరుచుకుంటుంటే కూడా చెప్పలేదు. జలుబు చేస్తుందన్నావు." కెరెన్ గొంతు పెరగలేదు. "మమ్మీ చూడకుండానే బాగుందని రాసింది. నువ్వు చూడకుండానే పోయిందని రాశావు."

"కెరెన్," అంది సరళ. మందలింపో బతిమాలడమో ఆమెకే తెలియలేదు.

కెరెన్ లేచింది. ఎడమచేత్తో ఫ్రిజ్ పక్కనున్న కాగితాన్ని అంచులు చిరగకుండా ఊడదీసింది. నేల మీది జవాబు పత్రాల మధ్య పెట్టి, అన్నిటినీ కలిపి స్కూలు బ్యాగులో దోపింది. మళ్లీ వచ్చి తన కుర్చీలో కూర్చుని, కోడి ముక్కలు పక్కకు నెట్టి అన్నంలో పప్పు వేసుకుంది.

"రేపు పొద్దున ప్రిన్సిపాల్ దగ్గరికి నేను వెళ్తున్నాను. ఆ కాగితం వెనక్కి ఇచ్చేదాకా ఆవిడ గదిలోంచి కదలను," అంది ముద్ద కలుపుతూ. "మీ ఇద్దరిలో ఎవరూ నాతో రావద్దు."